అమ్మిన వస్తువు – అందవలసిన సొమ్ము

అంగడికి పోయి ఒక గడియారమును కొన్నప్పుడు మనము సొమ్ము చెల్లించు విషయమును గూర్చి అంతగా ఆలోచింపము. అంగడి ఎక్కడికిని పోదు. సరకులో లోపమున్నచో మఱునాడు పోయి అడుగవచ్చును. అంగడివాడును మనలను జూచి భయపడడు. సొమ్ము పెట్టెలో పడిన పిదపనే అతడు సరకును మన చేతికిచ్చును. కాని పెద్ద వెలగల పాత వస్తువును ఒక గృహస్థు మఱియొక గృహస్థునకు అమ్మునప్పుడు ఈ నెమ్మది యుండదు. పాత ట్రాక్టరు, వరికోత యంత్రము, ఛాయాచిత్రములు తీయు కెమెరా, చిన్న ముద్రణ యంత్రము – ఇట్టివాని వెల వేలలోను లక్షలలోను ఉండును. అమ్మువాడును కొనువాడును ఒకరినొకరు ఎఱుగరు. బేరము ముగిసిన తరువాత ఇద్దఱును తమ తమ ఊళ్ళకు పోదురు. ముందుగా సొమ్మిచ్చినచో సరకు రాదేమో యని ఒకనికి సందేహము. ముందుగా సరకిచ్చినచో సొమ్ము రాదేమో యని రెండవవానికి సందేహము. రెండు సందేహములును న్యాయమైనవే.

మన పశువుల సంతలలో ఈ చిక్కునకు పూర్వులు ఒక ఉపాయమును కనుగొనిరి. బేరము తువ్వాలు చాటున చేతివ్రేళ్ళతో జరిగినను, సొమ్ము మాత్రము నలుగురి యెదుట లెక్కింపబడును. అమ్మువాడు నోట్లను లెక్కించుకొని రొంటిని దోపుకొనును. కొనువాడు ఎద్దు పలుపును చేత బట్టుకొనును. ఈ చేత ఇచ్చి ఆ చేత పుచ్చుకొనుటయే గాని నడుమ ఎడము లేదు. మోసమునకు చోటు దొరకునది ఆ ఎడములోనే. నేటి కాలమున సొమ్ము కాగితములుగను, టెలిఫోనులో కనబడు అంకెలుగను మాఱినది. అందుచేత సొమ్ము నిజముగా చేతికి వచ్చినదా, వచ్చినట్లు తోచుచున్నదా యను భేదమును తెలిసికొనుట సంతలోని రైతునకు లేని క్రొత్త పని యయ్యెను.

ఈ భేదము నెఱుగక ఒక విద్యార్థి ఎట్లు నష్టపడెనో తెలుపు వ్యవహార మొకటి ఇంగ్లండు దేశపు న్యాయస్థానములలో ప్రసిద్ధి కెక్కినది. 1969వ సంవత్సరము మే నెలలో బ్రిస్టల్ నగరమున రసాయనశాస్త్రము చదువుచున్న ఒక యువకుడు తన ఆస్టిన్ కూపర్ కారును 450 పౌనులకు అమ్మదలచి వార్తాపత్రికలో ప్రకటన వేయించెను. ఒక సాయంకాలము ఒక పెద్దమనిషి వచ్చి కారును నడిపి చూచి మెచ్చుకొనెను. మాటల నడుమ తాను రిచర్డ్ గ్రీన్ అను నటుడనని చెప్పెను. రిచర్డ్ గ్రీన్ ఆ దినములలో టెలివిజనులో రాబిన్‌హుడ్ వేషము ధరించి దేశమంతటను పేరుపొందినవాడు. వచ్చినవాడు చెక్కు పుస్తకమును తీసి 450 పౌనులకు చెక్కు వ్రాసెను. కారును వెంటనే తీసికొని పోవుదుననెను.

విద్యార్థి మందమతి కాడు. చెక్కు సొమ్ము బ్యాంకులో చేరువఱకు కారును ఇయ్యరాదని అతనికి తెలియును. కావుననే కారులో చిన్న చిన్న మరమ్మతులు మిగిలియున్నవని సాకు చెప్పి కాలయాపనము చేయజూచెను. కొనువాడు ఆ మరమ్మతులు తనకక్కఱలేదనెను. తుదకు విద్యార్థి సంకోచముతో, మీరు రిచర్డ్ గ్రీన్ అనుటకు ఏదైన నిదర్శనమున్నదా యని యడిగెను. వెంటనే ఆ మనిషి పైన్‌వుడ్ చిత్రనిర్మాణశాలలో ప్రవేశించుటకు ఇచ్చు పత్రమును చూపెను. దానిపై అతని పేరును, ఛాయాచిత్రమును, అధికారముద్రయు ఉండెను. విద్యార్థి యొక్క సంశయము తీఱెను. చెక్కును పుచ్చుకొని కారును, దాని కాగితములను అతని కప్పగించెను.

కొన్ని దినములకు బ్యాంకువారు ఆ చెక్కు దొంగిలింపబడిన పుస్తకములోనిదని తెలిపిరి. ఈలోపల ఆ మోసగాడు కారును లండనులోని మఱియొక విద్యార్థికి 200 పౌనులకు అమ్మి మాయమయ్యెను. ఈ రెండవవాడు సంగీత విద్యార్థి. అతడు నిజాయితితో సొమ్ము చెల్లించి, కాగితములు చూచుకొని కొన్నవాడు. ఇద్దఱును నిర్దోషులే. కారొక్కటియే. ఎవరి కియ్యవలెను? క్రింది న్యాయస్థానము మొదటివానికి అనుకూలముగా తీర్పు చెప్పెను. 1971లో పై న్యాయస్థానమున డెన్నింగ్ ప్రభువు మొదలగు న్యాయమూర్తులు ఆ తీర్పును త్రోసివేసి, కారు సంగీత విద్యార్థిదే యనిరి. ఎదుట నిలిచిన మనిషితో బేరము చేసినప్పుడు ఆ మనిషికే వస్తువు నమ్మినట్లు చట్టము తలంచును; అతడు చెప్పిన పేరు అబద్ధమైనను బేరము పుట్టకపోలేదు. మోసము జరిగినది గనుక ఆ బేరమును రద్దు చేసికొను హక్కు అమ్మినవానికి కలదు. కాని అతడు రద్దు చేసికొనుటకు ముందే వస్తువు మంచి మనసుతో కొన్న మూడవవాని చేతికి పోయినచో ఆ హక్కు నశించును.

ఇది పరదేశపు ముచ్చట యని త్రోసిపుచ్చుటకు వీలులేదు. మన దేశమున 1930 నాటి సరకుల విక్రయ చట్టము గూడ ఇట్లే చెప్పుచున్నది. దొంగ యొకడు రాత్రివేళ మన కొట్టములోని యంత్రమును దొంగిలించి అమ్మినచో కొన్నవానికి హక్కు రాదు. దొంగకు లేని హక్కు కొన్నవానికి ఎక్కడినుండి వచ్చును? కాని మనమే ఒక మోసగాని మాటలు నమ్మి, బేరము చేసి, యంత్రమును చేతులార అప్పగించినచో కథ వేఱు. మనము మేలుకొనులోపల అతడు దానిని మంచివాని కొకనికి అమ్మినచో యంత్రము తిరిగి రాకపోవచ్చును. దొంగతనమున పోయిన వస్తువుకంటె మోసమున పోయిన వస్తువునకు చట్టపు రక్షణ తక్కువ. ఈ సంగతి చాలమంది పెద్దలకు గూడ తెలియదు. సొమ్ము చేరకముందు వస్తువును కదలనీయరాదని అనుభవజ్ఞులు పట్టుబట్టుటకు ఇదియే కారణము. సొమ్ము ముట్టని విక్రేతకు సరకును తనవద్దనే నిలుపుకొను హక్కును ఆ చట్టమే ఇచ్చుచున్నది. చేయి దాటిన పిదప ఆ హక్కు వలన ప్రయోజనము లేదు.

ఇక సొమ్ము చెల్లించు మార్గములను విచారింతము. ఒక రైతు తన పాత ట్రాక్టరును నాలుగు లక్షల రూపాయలకు అమ్మదలచినాడనుకొందము.

రొక్కము అన్నిటికంటె సుళువుగా తోచును. నోటు చేత బడినచో తిరిగి పోవునది కాదు. అయినను నాలుగు లక్షల రొక్కమును పుచ్చుకొనుట చట్టవిరుద్ధము. 2017 ఏప్రిల్ 1 నుండి ఒక వ్యవహారమున రెండు లక్షలు గాని అంతకు మించి గాని రొక్కముగా గ్రహింపరాదను నియమము ఏర్పడినది. రెండు మూడు దినములలో కొంచెము కొంచెముగా పుచ్చుకొన్నను వ్యవహారమొక్కటియే గనుక తప్పు తప్పే. జరిమానా పుచ్చుకొన్నవానిపై పడును. అదియు పుచ్చుకొన్నంత సొమ్ము. చిన్న మొత్తములకు రొక్కము తగునుగాని, అప్పుడైనను బ్యాంకులోపలనే పుచ్చుకొని అక్కడి యంత్రముపై లెక్కింపించి తన ఖాతాలో జమ చేయుట మేలు. దొంగనోట్లున్నచో అక్కడనే బయటపడును. నోట్ల సంచితో సందెవేళ బస్సు ఎక్కవలసిన అవసరమును ఉండదు.

చెక్కు కేవలము ఒక ఆజ్ఞాపత్రము. నా ఖాతానుండి ఇంత సొమ్ము ఇయ్యుడని ఖాతాదారుడు బ్యాంకునకు వ్రాయు చీటి యది. ఖాతాలో సొమ్ము లేకపోవచ్చును, సంతకము సరిపోకపోవచ్చును, ఖాతాయే మూతపడి యుండవచ్చును. సొమ్ము లేక చెక్కు తిరిగివచ్చినచో శిక్షించుటకు 1881 నాటి చట్టమునకు 1988లో ఒక క్రొత్త భాగము చేర్పబడి 1989 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. రెండేండ్ల వఱకు ఖైదు గాని, చెక్కు మొత్తమునకు రెండింతల వఱకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. కాని దానికొక క్రమమున్నది. చెక్కు తిరిగివచ్చినట్లు తెలిసిన ముప్పది దినములలో నోటీసు పంపవలెను. సొమ్ము చెల్లించుటకు అతనికి పదునైదు దినముల గడువుండును. ఆ పిదప ఒక నెలలోపల న్యాయస్థానమునకు పోవలెను. చిరునామాయే అబద్ధమైనవానికి నోటీసు పంపుట ఎట్లు? కావున చెక్కు పరిచయస్థుల నడుమ పనికివచ్చు సాధనమేగాని క్రొత్తవారి నడుమ తగదని నా యభిప్రాయము. పుచ్చుకొనక తప్పనిచో సొమ్ము తన ఖాతాలో చేరువఱకు ట్రాక్టరు తన కొట్టములోనే యుండవలెను. పూర్వము దీనికి కొన్ని దినములు పట్టెడిది. 2025 అక్టోబరు 4 నుండి బ్యాంకులు చెక్కుల చిత్రములను పగలంతయు ఎడతెగక పంపుకొనుచున్నవి గనుక నేడు నిరీక్షణము చాల తగ్గినది.

చెక్కును గూర్చి అమెరికా దేశమున జరుగు ఒక వింత మోసమును ఇచట చెప్పవలెను. అక్కడ 1987 నాటి చట్టము ననుసరించి బ్యాంకులు చెక్కు వేసిన కొద్ది దినములలోనే ఆ సొమ్మును ఖాతాదారుడు వాడుకొనుటకు వీలు కల్పింపవలెను. చెక్కు మంచిదో చెడ్డదో తేలుటకు ఒక్కొక్కప్పుడు వారములు పట్టును. మోసగాండ్రు ఈ సందును కనిపెట్టిరి. రెండువేల డాలర్ల వస్తువునకు మూడువేల డాలర్ల చెక్కు పంపి, పొరపాటున ఎక్కువ వ్రాసితిమి, మిగిలిన వేయి డాలర్లు మా సరకు మోయువాని కిండని కోరుదురు. ఖాతాలో సొమ్ము కనబడుచున్నది గదా యని విక్రేత తన చేతిసొమ్ము పంపును. పిదప చెక్కు నకిలీదని తేలి బ్యాంకు మూడువేలును వెనుకకు తీసికొనును. వస్తువును పోవును, వేయియు పోవును. అడిగినదానికంటె ఎక్కువ ఇయ్యవచ్చినవానిని జూచి సంతోషింపక ఒక్క నిమిష మాలోచించినచో చాలును.

డిమాండు డ్రాఫ్టు చెక్కుకంటె మేలైనది. బ్యాంకు ముందుగా కొనువాని సొమ్మును తీసికొని, ఆ పిదప తానే బాధ్యత వహించి డ్రాఫ్టు వ్రాసియిచ్చును. ఖాతాలో సొమ్ము లేదను మాట దీనికి రాదు. ఇరువదివేలు మొదలుకొని పై డ్రాఫ్టులన్నియు గ్రహీత ఖాతాలోనే జమయగునట్లు గీతలు గీయబడి వచ్చును. 2018 సెప్టెంబరు 15 నుండి డ్రాఫ్టు కొన్నవాని పేరు గూడ దానిపై ముద్రింపవలెనని రిజర్వు బ్యాంకు శాసించినది. ఇన్ని కట్టుబాట్లున్నను నకిలీ డ్రాఫ్టులు పుట్టుచునే యున్నవి. వ్రాసి యిచ్చిన బ్యాంకు శాఖను విచారించుట యొక్కటే దీనికి మందు. విచారించునప్పుడు డ్రాఫ్టుపై నున్న టెలిఫోను సంఖ్యను నమ్మరాదు. నకిలీ డ్రాఫ్టు ముద్రించినవాడు నకిలీ సంఖ్యను ముద్రింపలేడా?

నేడు పెద్ద మొత్తములకు తగిన మార్గము ఖాతానుండి ఖాతాకు సొమ్ము పంపుట. ఇందు మూడు నాలుగు విధములు కలవు. 2016లో వెలసిన యు.పి.ఐ. పద్ధతి టెలిఫోను ద్వారా క్షణములో సొమ్ము పంపునుగాని, సామాన్యముగా వ్యక్తి వ్యక్తికి దినమునకు ఒక లక్షకు మించి పంపుటకు వీలులేదు. నెఫ్ట్ పద్ధతిలో అరగంట కొకమాఱు చెల్లింపులన్నియు కట్టగట్టి పరిష్కరింపబడును. ఆర్.టి.జి.యస్. అనునది రెండు లక్షలును అంతకు మించిన మొత్తములకును ఏర్పడినది. ప్రతి చెల్లింపును విడివిడిగా రిజర్వు బ్యాంకు లెక్కలలో అప్పటికప్పుడు పరిష్కృతమగును. 2020 డిసెంబరు నుండి ఇది రాత్రింబవళ్ళు పనిచేయుచున్నది. ఇట్లు పరిష్కృతమైన చెల్లింపు తుదిది. పంపినవాడు తన యిష్టము చొప్పున వెనుకకు తీసికొనజాలడు. మన రైతునకు ఇదియే తగినది.

తిరిగిరాని సొమ్మనుట విక్రేతకు బలము. కొనువానికి మాత్రము అదియే భయము. ఖాతాసంఖ్యలో ఒక అంకె తప్పినచో సొమ్ము మఱియొకనికి చేరవచ్చును. చిరకాలము బ్యాంకులు సంఖ్యను మాత్రమే చూచి సొమ్ము జమ చేయుచుండెను, పేరును సరిచూచెడివి కావు. 2025 ఏప్రిల్ నుండి పంపుటకు ముందే ఆ ఖాతా ఎవరి పేర నున్నదో చూపు ఏర్పాటును రిజర్వు బ్యాంకు చేయించినది. ఆ పేరును ట్రాక్టరు కాగితములలోని పేరుతో పోల్చి చూడవలెను. ముందుగా ఒక్క రూపాయి పంపి, అది చేరినదని ఎదుటివాని నోట విన్న పిదప మిగిలినది పంపుట మఱింత క్షేమము.

విక్రేత గూడ సొమ్ము ఎవరి ఖాతానుండి వచ్చినదో చూచుకొనవలెను. కొనువాడొకడు, సొమ్ము పంపినవాడు ఎక్కడి ఊరివాడో మఱియొకడు అయినచో అనుమానింపవలెను. ఆ సొమ్ము వేఱొకరిని మోసగించి లాగినదై యుండవచ్చును. నష్టపడినవాడు పోలీసులతో మొఱపెట్టుకొన్నప్పుడు ఆ సొమ్ము నడచిన జాడ మన రైతు ఖాతాకు వచ్చును. ఖాతాలోని సొమ్ము స్తంభింపబడును. నిర్దోషియైనను ఆ ముడి విప్పుకొనుటకు నెలలు పట్టవచ్చును.

టెలిఫోను మోసములు మఱికొన్ని కలవు. వానిలో తఱచైనది సొమ్ము పంపినట్లు ఒక చిత్రమును చూపుట. చిత్రమును ఎవడైనను గీయవచ్చును. సంక్షిప్త సందేశమును ఎవడైనను బ్యాంకు పేరుతో వ్రాసి పంపవచ్చును. ఎదుటివాని టెలిఫోనులో కనబడునది సాక్ష్యము కాదు; తన ఖాతాను తాను తెఱచి చూచుకొన్నదే సాక్ష్యము. రెండవది, మీకు సొమ్ము పంపెదను, ఈ గళ్ళబొమ్మను మీ టెలిఫోనుతో చూచి మీ రహస్యసంఖ్యను నొక్కుడని చెప్పుట. సొమ్ము ఇచ్చుటకేగాని పుచ్చుకొనుటకు రహస్యసంఖ్య అక్కఱలేదు. ఈ యొక్క మాట తెలియక విద్యావంతులు గూడ మోసపోవుచున్నారు. మూడవది కొనువారిని పట్టు వల. తాను సైన్యమున అధికారినని, దూరప్రాంతమునకు బదిలీ యైనదని, అందుచే బండిని చౌకగా అమ్ముచున్నానని ఒకడు ప్రకటించును. యూనిఫారముతో నున్న ఛాయాచిత్రమును, గుఱుతింపు పత్రమును పంపును. బండిని చేర్చుటకు రవాణా ఖర్చులు ముందుగా పంపుమనును. బ్రిస్టల్ విద్యార్థికి చూపిన చిత్రనిర్మాణశాల పత్రమునకును దీనికిని భేదమేమున్నది? ఆ పత్రములు మనిషి ఎవడో తెలుపవచ్చును, తెలుపకపోవచ్చును; అతని సొమ్ము వచ్చినదో లేదో మాత్రము తెలుపజాలవు. ఇట్లు సొమ్ము పోయినట్లు తెలిసిన వెంటనే సిగ్గుపడి ఊరకుండక 1930 సంఖ్యకు టెలిఫోను చేసి తెలుపవలెను. సొమ్ము ఇంకను బ్యాంకుల నడుమ నుండగనే ఆపుటకు అవకాశముండును. గంటలు గడచినకొలది ఆ అవకాశము సన్నగిల్లును.

ఊళ్ళలో పెద్దమనిషి యొకని చేతిలో సొమ్మునుంచి, సరకు అప్పగించిన పిదప అతడు విక్రేత కిచ్చు ఆచారము కలదు. దూరదేశముల వారి నడుమ ఇదే పనిని చేయుటకు ఎస్క్రో అను సంస్థలు వెలసినవి. పద్ధతి మంచిదే. కాని మధ్యవర్తిని కొనువాడే తెచ్చినను, అమ్మువాడే తెచ్చినను మధ్యవర్తిత్వము మిగులదు; నకిలీ ఎస్క్రో సంస్థలను సృష్టించి మోసగించిన సందర్భములు పెక్కు కలవు.

ఇన్ని చిక్కులకును సులభమైన పరిష్కారము ఒకటి కలదు. ముందొకనాడు యంత్రమును చూచుట, నడుపుట, మరమ్మతువాని చేత పరీక్షింపించుట ముగించుకొని, కొద్దిపాటి బయానా ఇచ్చి చీటి వ్రాసికొనవలెను. పిదప పనిదినమున పగటివేళ ఇద్దఱును ఒక బ్యాంకు శాఖలో కలిసికొనవలెను. కొనువాడు అక్కడనే ఆర్.టి.జి.యస్. కాగితము నింపి సొమ్ము పంపును. విక్రేత తన ఖాతాలో జమయైనట్లు చూచుకొనును. అప్పుడు తాళపుచెవియు కాగితములును చేతులు మాఱును. సంతలోని పలుపువలెనే యిదియు. నడుమ ఎడము లేదు. బ్యాంకునకు రానొల్లనివాడు, ఈ సాయంకాలమే కావలెనని తొందరపెట్టువాడు అయినచో అతనితో బేరము మానుకొన్నను నష్టములేదు.

ట్రాక్టరుపై అప్పున్నచో ఆ సంగతి రిజిస్ట్రేషను పత్రములోనే వ్రాయబడి యుండును. అట్టి సందర్భమున సొమ్మంతయు విక్రేత చేతికియ్యరాదు. బాకీ యెంతయో అప్పిచ్చిన బ్యాంకునుండి వ్రాతమూలముగా తెలిసికొని, అంత మొత్తమును నేరుగా ఆ అప్పు ఖాతాకు చెల్లించి, మిగిలినది విక్రేతకు చెల్లింపవలెను. బాకీ తీఱినట్లు బ్యాంకు ఇచ్చు పత్రమును, 35వ ఫారమును తీసికొనవలెను.

సొమ్ము చేరిన తరువాత విక్రేతకు మిగులు పని యొకటి కలదు. ట్రాక్టరు చేయి మాఱినట్లు, అదే రాష్ట్రములోనైనచో, పదునాలుగు దినములలోపల రవాణా కార్యాలయమునకు తెలుపవలెను; కొన్నవాడు ముప్పది దినములలోపల తన పేరునకు మార్పించుకొనవలెను. 29వ, 30వ ఫారములు ఇందుకై ఏర్పడినవి. సొమ్ము వచ్చినది గదా యని పలువురు దీనిని ఉపేక్షింతురు. ప్రమాదము జరిగినప్పుడు కార్యాలయపు పుస్తకములలో ఎవరి పేరున్నదో వారే యజమాని యని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అనగా బండి నమ్మి ఏండ్లు గడచినను, పేరు మాఱకున్నచో నష్టపరిహారపు భారము పాత యజమానిపైననే పడవచ్చును.

రసీదు రెండు ప్రతులుగా వ్రాసికొనవలెను. అయిదువేలకు మించిన రసీదుపై ఒక రూపాయి రెవెన్యూ బిళ్ళ అంటించి సంతకము చేయవలెను. ఇరువురి పేర్లు, చిరునామాలు, ఇంజను సంఖ్య, ఛాసిస్ సంఖ్య, సొమ్ము చేరిన ఖాతా, బ్యాంకు ఇచ్చిన యు.టి.ఆర్. సంఖ్య అందుండవలెను. ట్రాక్టరును అప్పగించిన దినమునే గాక గంటను గూడ వ్రాయుట మంచిది. ఆ సాయంకాలమే దారిలో ఏదైన జరిగినచో, బండి అప్పుడు ఎవరి చేతిలో నున్నదో తెలుపునది ఆ గంటయే.